చాబీ నా దగ్గరుంది

మా నాన్న చొక్కా జేబులో ఫ్యూజులు ఉండేవి. తెల్లటి పింగాణీవి, అరచేతిలో ఇమిడేంత. భిలాయి ఉక్కు ప్లాంటులో ఆయన ఎలక్ట్రీషియన్. కన్వేయర్ బెల్టు మీద ఎవరైనా పనిచేయాలంటే ముందు దాని కరెంటు తీసేయాలి. తీసిన కరెంటు మళ్ళీ ఎవరూ తెలియక పెట్టేయకుండా నాన్న ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, బెల్టు దగ్గరకు నడిచొచ్చి, "ఫ్యూజు నా జేబులో ఉంది" అనేవాడు. పర్మిట్ కాగితాలూ, సంతకాలూ, ఎర్ర బోర్డులూ అన్నీ ఉండేవి. కానీ మనిషన్నవాడు బెల్టు కిందకి తల దూర్చేది ఆ మాట విన్నాకే. శ్రీకాకుళం వాడైనా, బిహార్ వాడైనా, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ వాడైనా సరే, ఎవడి జేబులో ఫ్యూజు ఉందో తెలిస్తే చాలు, ఇంకో ప్రశ్న అడిగేవాడు కాదు.

ఒక్కోసారి డ్యూటీ దిగేటప్పుడు ఆయన ఆ ఫ్యూజుతోనే ఇంటికి వచ్చేసేవాడు. అమ్మ ఖాకీ బట్టలు నానబెడుతుంటే బకెట్టు అడుగున టక్కుమనేది. "మీ నాన్న ప్లాంటునే జేబులో ఏసుకొచ్చీసినాడు" అని అమ్మ నవ్వేది. నాన్న నవ్వకుండా తడి ఫ్యూజు తుడుచుకుని, మేముండే మరోదా కాలనీ నుంచి మళ్ళీ సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవాడు. ఆయన వెళ్ళేదాకా అక్కడ బెల్టు ఆగే ఉండేది. ఎవడూ వేరే ఫ్యూజు పెట్టడానికి ఒప్పుకునేవాడు కాదు.

నాకు నాన్న పని అబ్బలేదు. ఫైర్ సర్వీసులో చేరాను. ఏ స్టేషనో రాయను, ఆ వివరంతో ఎవరికీ పనిలేదు. మంటలకంటే రోడ్డు ప్రమాదాలకే ఎక్కువ వెళ్ళేవాళ్ళం. గుద్దుకున్న బండి దగ్గరకు వెళ్ళగానే నేను చేసే మొదటి పని చాబీ తిప్పి ఇంజన్ ఆపడం, ఆ చాబీ పీకి చొక్కా జేబులో వేసుకోవడం, అందరికీ వినబడేలా "చాబీ నా దగ్గరుంది" అనడం. హిందీ వాళ్ళుంటే "చాబీ మేరే పాస్ హై" అనేవాణ్ణి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, మా ఇంట్లోంచి తెచ్చుకున్నాను. మా బృందం ఆ మాటకి అలవాటు పడిపోయింది. ఆ మాట విన్నాక బండి కింద పడుకోవడానికైనా ఎవరూ వెనకాడేవారు కాదు.

మా బృందంలో మా బావ ఉండేవాడు. మా అక్క భర్త, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఫైర్‌మన్ ఉద్యోగానికి నా చేత ఫారం నింపించింది కూడా ఆయనే. అయితే స్టేషన్‌లో నేను ఆయనకి పైవాణ్ణయ్యాను, పరీక్ష రాసి లీడింగ్ ఫైర్‌మన్ అయ్యాను. ఆయన రాయలేదు. "నాకెందుకురా ఆ కాగితాలు" అనేవాడు. నిదానస్థుడు. ఆయన దగ్గర ఒక చెక్క ఉండేది. వండ్రంగి చేత సాల్ దుంగ ముక్కని మూడు మూలలుగా కోయించి, పట్టుకోవడానికి తాడు కట్టించుకున్నాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ చెక్క బండి చక్రం కింద పెట్టేవాడు, తర్వాతే తక్కినది. టీ తాగడానికి మా ఫైర్ ఇంజన్ ఆపినా పెట్టేవాడు. "రాత్రి మంచానికి కూడా పెట్టి పడుకుంటాడు తమ్ముడూ" అని మా అక్క వేళాకోళమాడేది. నేనూ ఆడేవాణ్ణి, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై పదేళ్ళు కావస్తున్న రోజులు. బళ్ళ నెంబరు ప్లేట్ల మీద ఎంపీ పోయి సీజీ వచ్చేసింది. ఊళ్ళోకి కొత్త కొత్త కార్లు వస్తున్నాయి. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఫోన్ వచ్చింది. మరోదా వైపు వెళ్ళే రోడ్డులో కారు చెట్టును రాసుకుని పక్కకు దిగిపోయింది, లోపల ఒకాయన స్పృహలో లేడు అని. నలుగురం వెళ్ళాం. నేను, బావ, బండి నడిపే భయ్యా, ఇంకో ఫైర్‌మన్.

తెల్లకారు. బయటి రాష్ట్రం నెంబరు. పక్క అద్దం విరిగి చెట్టు మొదట్లో పడి ఉంది. అంతకుమించి పెద్ద దెబ్బ లేదు. కారు ముక్కుకీ, ఎదురుగా ఉన్న క్వార్టర్స్ ప్రహరీ గోడకీ మధ్య మనిషి నిలబడేంత జాగా ఉంది. ఇంజన్ చప్పుడు లేదు. నేను చెవిపెట్టి మరీ విన్నాను, ఏమీ లేదు. ఆగిపోయిందనుకున్నాను.

తలుపు తీశాను. స్టీరింగ్ ముందు కూర్చున్నాయన అరవై ఏళ్ళవాడు. చెమటతో చొక్కా వంటికి అతుక్కుపోయింది, కళ్ళు సగం మూతపడ్డాయి. షుగర్ పడిపోయిందని తర్వాత తెలిసింది. ఊపిరి ఆడుతోంది కానీ గురకలా వస్తోంది. కుడికాలు బిగుసుకుపోయి బ్రేకు మీద ఉంది. లోపల్నుంచి చల్లటి ఏసీ గాలి నా మొహానికి కొట్టింది. ఇంజన్ ఆగిన బండిలో ఏసీ ఎలా నడుస్తోందని నేను ఆ క్షణాన అడగాల్సింది. అడగలేదు. ఎదురుగా అద్దం కింద పచ్చని అక్షరాలతో రెడీ అని ఇంగ్లీషులో వెలుగుతోంది. అదీ చదివాను. ఏదో రేడియో గొడవ అనుకున్నాను.

చాబీ కోసం చూస్తే అది ఉండాల్సిన చోట లేదు. గేరు పక్కన చిన్న గుంటలో అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ళ ఉంది. ఈ రోజుల్లో చాబీలు ఇలాగే ఉంటున్నాయి కాబోలనుకుని తీసి జేబులో వేసుకున్నాను. నేను బయటికి రాగానే కారు మూడుసార్లు బీప్ మంది. తలుపు తీసి ఉన్నందుకనుకున్నాను.

"చాబీ నా దగ్గరుంది" అన్నాను.

బావ అప్పటికే చెక్క పట్టుకుని ముందు చక్రం దగ్గర వంగుతున్నాడు. "ఉండరా, ఇది పెట్టనీ."

"వద్దు బావా. చాబీ నా దగ్గరుందన్నాను కదా. ముందు బోనెట్ తీసి బేటరీ తప్పించు. ఈయన పరిస్థితి బాగాలేదు."

బావ నా మొహంకేసి ఒకసారి చూశాడు. చెక్కను గట్టు మీద పెట్టేశాడు. గోడకీ కారుకీ మధ్యలోకి వెళ్ళి బోనెట్ పైకి లేపాడు. ఇక ఆయన నాకు కనబడలేదు, మాట మాత్రం వినబడింది.

"ఒరే, ఇందులో బేటరీ ఏదిరా? ఎక్కడా కనబడదేటి? నారింజ రంగు తీగలున్నాయి లావువి. ఇదేటి, కరెంటు బండా?"

"ఏది కనబడితే అది పీకీ బావా" అన్నాను.

బావ పీకలేదు. తెలియని తీగ మీద చెయ్యి వేసే మనిషి కాదు. వేసి ఉంటే ఆ రోజే పోయేవాడేమో. పీకమన్నవాణ్ణి నేను.

నేను ఆ పెద్దాయన చంకల కింద చేతులు వేశాను. ఇంకో ఫైర్‌మన్ అటువైపు నుంచి వంగి కాళ్ళు తప్పిస్తున్నాడు. ఒక్కసారి పైకి లేపేసరికి ఆయన కాలు బ్రేకు మీంచి జారింది. బూటు పక్క పెడల్‌కి తగులుకుంది. అంతే, కారు ముందుకు వెళ్ళిపోయింది. ఇంజన్ లేచిన చప్పుడు లేదు. తలుపు చట్రం నా నడుముకు కొట్టుకుంటే గాని కదిలిందని నాకు తెలియలేదు. బోనెట్ అవతల గోడకి ఏదో తగిలింది.

"ఒరే" అన్నాడు బావ, మామూలుగానే. "బండి కదిలిందిరా."

నేను పెద్దాయన్ని వదిలేసి జేబులోంచి చాబీ తీశాను. దాన్ని చేత్తో పట్టుకుని పెట్టే చోటు కోసం వెతికాను. ఆ బండికి చాబీ పెట్టే రంధ్రమే లేదు. చాబీ నా చేతిలో ఉంది, కారు గోడవైపు ఇంకా తోస్తూనే ఉంది. బండి నడిపే భయ్యా ముందుకెళ్ళి రెండు చేతులతో వెనక్కి నెడుతున్నాడు. నేను కనబడ్డ ప్రతి మీటా నొక్కాను. వైపర్లు ఆడాయి. హారన్ మోగింది. చివరికి ఒక గుండ్రటి బటన్ నొక్కితే ఆ పచ్చ అక్షరాలు ఆరిపోయాయి. తోయడం ఆగింది. అయితే దానితో చక్రాలు బిగుసుకుపోయాయి, ఎంతమంది నెట్టినా కారు వెనక్కి రాలేదు. ఫైర్ ఇంజన్‌కి తాడు కట్టి లాగాం. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ కాసేపూ బావ గోడకి ఆనుకుని బోనెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడే ఉన్నాడు, పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డట్టు. అరవలేదు. "తాడు కిందగా కట్టు" అని కూడా చెప్పాడు.

ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఎడమది మిగిలింది. ఆ కారు పెద్దాయనకి గ్లూకోజు ఎక్కిస్తే గంటలో లేచి కూర్చున్నాడట.

అక్క కోహ్కాలోని వాళ్ళింటి నుంచి ఆటోలో వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీదే నన్ను పట్టుకుంది. "తమ్ముడూ, కాలేనా? మరేటీ కాలేదు కదా?" అంది. "కాలే అక్కా" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు అసహ్యం. ఆ తర్వాత ఆకలేసింది. బయట బండి దగ్గర వడాపావ్ తిన్నాను. రెండు తిన్నాను. బాధ ఎప్పుడు వస్తుందా అని చూశాను. రాలేదు. చెయ్యి మొద్దుబారితే గిల్లి చూసుకుంటాం కదా, అలా ఊరికే చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్న నా భార్య యూనిఫాం నానబెడుతుంటే బకెట్టులో టక్కుమంది. "ఇదేటండీ?" అంటూ ఆ నల్లబిళ్ళ పట్టుకొచ్చింది. నీళ్ళు కారుతున్నాయి. మా అమ్మ నవ్విన నవ్వు చెవిలో పడ్డట్టయింది. కిటికీలో ఎండలో పెట్టాను.

అది తీసుకోవడానికి ఆ పెద్దాయన కొడుకు రాయ్‌పుర్ నుంచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, చేతులు పట్టుకున్నాడు. అది పెట్రోలుతోనూ బేటరీతోనూ కూడా నడిచే హైబ్రిడ్ బండి అని, బేటరీ మీద ఉన్నప్పుడు చప్పుడు ఉండదని, చప్పుడు లేదంటే ఆగినట్టు కాదని హిందీలో చెప్పాడు. దెబ్బ గట్టిగా తగిలి లోపలి గాలిసంచులు తెరుచుకుని ఉంటే దానంతటదే ఆగేదట. దెబ్బ చిన్నది కాబట్టి ఆగలేదు. "అంకుల్, చాబీ జేబులో వేసుకుంటే ఏమీ కాదు. బటన్ నొక్కి ఆపాలి. ఆపాక చాబీని బండికి దూరంగా తీసుకెళ్ళిపోవాలి. దగ్గర్లో ఉంటే మళ్ళీ లేస్తుంది" అన్నాడు. వెళ్ళేటప్పుడు బండితో వచ్చిన పుస్తకంలోంచి, కాపాడేవాళ్ళ కోసం రాసిన నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి ఇచ్చాడు.

నా పదో తరగతి ఇంగ్లీషుతో, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నారింజ రంగు తీగలు ముట్టుకోవద్దు, కోయొద్దు. చిన్న బేటరీ ముందు కాదు, వెనక డిక్కీలో ఉంటుంది. బటన్ నొక్కు. పచ్చ దీపం ఆరిందో లేదో చూడు. చాబీ దూరంగా పంపించు. ఇవన్నీ రెండో పేజీ నుంచి. మొదటి పేజీలో మొదటి మాట, చక్రాలకి అడ్డం పెట్టు అని. దానికి డిక్షనరీ అవసరం కాలేదు, చక్రం కింద మూడు మూలల చెక్క బొమ్మ వేసి ఉంది.

విచారణ జరిగింది. పైఅధికారి ఆసుపత్రికే వచ్చాడు. నేను మంచం పక్కన నిలబడ్డాను. "చక్రానికి అడ్డం ఎందుకు పెట్టలేదు?" అని బావని అడిగాడు. బావ నావైపు చూడలేదు. "మర్చిపోయాను సాబ్" అన్నాడు. అన్నేళ్ళ సర్వీసులోనూ ఒక్కరోజు మర్చిపోని మనిషి. అధికారి నన్ను అడిగాడు, "చెక్క పెట్టలేదా?" అని. "పెట్టలేదు సాబ్" అన్నాను. అబద్ధం కాదు. ఇద్దరు పిల్లల చదువులు, లీడింగ్ ఫైర్‌మన్ ఉద్యోగం, ఇవన్నీ నా బుర్రలో తిరిగాయని చెప్పుకోవచ్చు. నిజానికి ఏమీ తిరగలేదు. బుర్ర ఖాళీగా ఉంది. ఆయన మాట రాసుకున్న కాగితం కింద సాక్షిగా సంతకం పెట్టమంటే పెట్టాను.

బావకి కట్టుడుకాలు పెట్టించారు. వాచ్‌రూమ్‌లో టెలిఫోన్ డ్యూటీ ఇచ్చారు. మా మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు. అక్క ఇంటికి వెళితే ఆయన నాకు కుర్చీ జరిపేవాడు, నేను టీ తాగి వచ్చేవాణ్ణి. ఆ నాలుగు పేజీలు చదివినవాణ్ణి స్టేషన్‌లో నేనొక్కణ్ణే కాబట్టి, కొత్తగా చేరినవాళ్ళకి ఇలాంటి బళ్ళ గురించి చెప్పే పని నాకే పడింది. చూడండి విడ్డూరం. కొన్నేళ్ళు చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ప్రతిసారీ ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి: "ఒక ఫైర్‌మన్ చక్రానికి చెక్క పెట్టడం మర్చిపోయాడు. కాలు పోయింది." వాచ్‌రూమ్ కిటికీ డ్రిల్ మైదానం వైపే ఉంటుంది. క్లాసు ఉన్నప్పుడల్లా ఆ మాట ఆయన చెవిన పడేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మామూలు గొంతుతోనే చెప్పేవాణ్ణి, నాకేమీ అయ్యేది కాదు.

బావ రిటైరయ్యే నెలలో ఒకరోజు, వాచ్‌రూమ్‌లో ఇంకొకరిని కూర్చోబెట్టి వచ్చి, నా క్లాసులో ఆఖరి బెంచీ మీద కట్టుడుకాలు చాపుకుని కూర్చున్నాడు. మొత్తం విన్నాడు. అందరూ వెళ్ళాక టీ తెప్పించాను. సగం తాగి గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"బాగానే సెప్తన్నావు. ఒకటే తప్పు" అన్నాడు.

"ఏటి బావా?"

"చెక్క నాను మర్చిపోలేదురా. నువ్వు వొద్దన్నావు. అది కూడా సెప్పాల."

నేను నా గ్లాసు కింద పెట్టాను.

"నీ మీద కోపంతో కాదు. కోపముంటే ఆ రోజే అందును. మర్చిపోయాడని సెప్తే ఈళ్ళు ఏటి నేర్చుకుంటారు? మనం మర్చిపోకూడదు అని నేర్చుకుంటారు. ఎవుడూ మర్చిపోడు, చెక్క తెస్తాడు. పైవాడు చాబీ నా దగ్గరుంది అంటాడు. ఈడు చెక్క పక్కన పెట్టీస్తాడు. నాకు జరిగింది అదీ. మనోళ్ళందరికీ ఆ మాట మీద నమ్మకం. మీ నాన్న సెప్పినా పక్కన పెట్టీసుందును."

"మరి మర్చిపోయానని ఎందుకు చెప్పావు?"

"మీ అక్క అక్కడే ఉంది గదా" అన్నాడు. మిగిలిన టీ తాగి, బెంచీ పట్టుకుని లేచి, వాచ్‌రూమ్‌కి వెళ్ళిపోయాడు.

అక్క. ఆ రోజు అధికారి వెనక, తలుపు దగ్గర, పళ్ళ సంచితో నిలబడి ఉంది. ఆ సంగతే నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళూ నా ఉద్యోగం కోసం అలా చెప్పాడనుకున్నాను. తన కాలు తమ్ముడి మాట వల్ల పోయిందని అక్కకి తెలియకూడదని చెప్పాడు. నేను ఆ ఖాళీ గ్లాసులు రెండూ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం వేసింది, చాలా ఆలస్యంగా, చాలా గట్టిగా.

ఆ సాయంత్రమే కోహ్కా వెళ్ళి అక్కకి చెప్పాను. అక్క బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి చివరిదాకా వింది. "నాకు ఎప్పుడో తెలుసురా. మీ బావ మర్చిపోడమేటి" అంది. మళ్ళీ చేట అందుకుంది. భోంచేసి వెళ్ళమని ఆ రోజు మాత్రం అనలేదు.

తర్వాతి క్లాసుకి నేను కథ చెప్పలేదు. మైదానంలో పాత కారు ఒకటి పెట్టించి, బావ చెక్క తెప్పించాను. కొత్తవాళ్ళలో మొదటివాణ్ణి పిలిచాను. ఇక్కడే పుట్టిన తెలుగువాడు, తెలుగులో అడిగితే హిందీలో చెప్పే రకం. చెక్క పట్టుకుని చురుగ్గా చక్రం దగ్గరకు వెళ్ళాడు. వంగాడు.

నేను చొక్కా జేబు తట్టి, "వద్దు, చాబీ నా దగ్గరుంది. ముందు బోనెట్ తియ్యి" అన్నాను. అదే గొంతు. వెతుక్కోకుండానే వచ్చేసింది.

అతను నా మొహంకేసి ఒకసారి చూశాడు. చెక్కను పక్కన పెట్టేశాడు.

వాచ్‌రూమ్ కిటికీలో బావ ఉన్నాడు. ఫోన్ ముందు కూర్చుని మావైపే చూస్తున్నాడు.

"ఇలాగే ఒకాయన చెక్క పక్కన పెట్టేశాడు. కాలు పోయింది. ఆ మాట అన్నది నేనే" అన్నాను. ఆ కుర్రాడే అడిగాడు, హిందీలో, "మరి ఆయన ఏం చెప్పారు సాబ్?" అని.

"తనే మర్చిపోయానని చెప్పాడు."

"మీరు?"

"సంతకం పెట్టాను."

కారు మీద చెయ్యి ఆన్చాను. అతను ఇంకా నావైపే చూస్తున్నాడు, ఏం చేయాలో చెబుతానని.

"చెక్క తీసుకో. మళ్ళీ మొదట్నుంచి చెయ్యి" అన్నాను. "ఈసారి కూడా వద్దంటాను. వినకు."